టీవీపెట్టెకు బొమ్మ రానప్పుడు



2022వ సంవత్సరము వేసవిలో మా పెద్దమ్మగారి యూరినుండి నాకొక కబురు వచ్చినది. ఆమెకు అప్పటికే ఎనుబదియేండ్లు దాటినవి. కుమారులిద్దఱును దూరదేశములలో ఉద్యోగములు చేయుచుండుటచే ఒంటరిగా నుండును. “టీవీలో బొమ్మ వచ్చుట లేదు నాయనా, తీరిక చేసికొని యొకమాఱు వచ్చి చూచిపొమ్ము” అని కబురులోని మాట. తీరిక చేసికొనుటకు నాకు పదునైదు దినములు పట్టినది. ఆలోపల జరుగరాని నష్టము జరిగిపోయినది. టీవీలు బాగుచేయువాడొకడు వచ్చి, పెట్టె విప్పి, లోపలి పలక కాలిపోయినదని చెప్పి, ఎనిమిది వందలు పుచ్చుకొని, మూడవనాడు మరల వచ్చి యది యిక బాగుపడదని తేల్చి, పదునొకండువేల రూపాయలకు క్రొత్త పెట్టెను అంటగట్టి పోయెనట. క్రొత్త పెట్టెయందును బొమ్మ లేదు. ఎన్నిమాఱులు పిలిచినను వాడు తిరిగి రాలేదు. ఆ సొమ్ము పెద్దమ్మ తన అంత్యక్రియల భారము పిల్లలపై పడరాదని ఏండ్ల తరబడి కూడబెట్టుకొన్నది.

నేను ప్రక్కయింటివారి డీవీడీ యంత్రమును తెచ్చి పాత పెట్టెకు తగిలించి చూచితిని. బొమ్మ నిక్షేపముగా వచ్చినది. పలకయు కాలలేదు, మఱేదియు కాలలేదు. “అయితే నాయనా, దీని రోగమేమి?” అని పెద్దమ్మ యడిగెను. రోగము పెట్టెయందు లేదు. పట్టణపు గుట్టమీది ప్రసారస్తంభము మూగవోయినది. 2021, 2022 సంవత్సరములలో ప్రసారభారతి పాత పద్ధతి దూరదర్శన ప్రసారిణులను, ముఖ్యములని యెంచిన కొన్ని చోట్ల దక్క, దేశమంతట మూసివేసెను. ఆ వార్తను నేను పత్రికలో చదివితిని. చదివి, కాలము మాఱుచున్నదని నలుగురితో చెప్పితిని గూడ. పెద్దమ్మ మిద్దెమీది కఱ్ఱకు కట్టిన ఆంటెన్నా ఆ స్తంభమునే నమ్ముకొని యున్నదను సంగతి మాత్రము నాకు తట్టలేదు. నేటి ప్రసంగమునకు కారణ మదియే.

చెడని పెట్టె నల్లనగుట మా ప్రాంతమువారికి క్రొత్త కాదు. 1975వ సంవత్సరము ఆగస్టు 1వ తేదీ మొదలుకొని ఒక్క యేడు, అమెరికావారి ఏ.టి.ఎస్.-6 అను ఉపగ్రహము ద్వారా, మన దేశమున ఆఱు రాష్ట్రములలో 2,400 గ్రామములకు దూరదర్శనమును చూపిరి. అందు నాటి ఆంధ్రప్రదేశమును ఒకటి. కర్నూలు జిల్లాలో మా యూరికిని ఆ భాగ్యము పట్టినది. నేనప్పుడు పదునైదేండ్ల వాడను. బడి ముంగిట పదియడుగుల వెడల్పు గల తీగవల గొడుగును నిలిపిరి. కోళ్లగూటికి వాడెడి వలకును దానికిని భేదము మాకు కనబడలేదు. సాయంకాలమగునప్పటికి ఊరంతయు అచటనే. 1976 జూలై 31వ తేదీతో ఆ ప్రసారము ముగిసినది. ముగియునని ముందే చెప్పిరి గాని నమ్మినవా రెవరు? మఱునాడు పెట్టె నల్లగా నుండగా, దానికి దృష్టి తగిలినదని ఊరిపెద్ద యొకరు గుమ్మడికాయతో దిష్టి తీయించిరి. మేము నవ్వితిమి. నలువదియాఱు సంవత్సరముల పిమ్మట మా పెద్దమ్మ చెల్లించిన పదునొకండువేలకంటె ఆ గుమ్మడికాయ చాల చౌక.

తరువాత నేలమీది స్తంభముల కాలము వచ్చినది. 1984వ సంవత్సరమున దినమున కొక ప్రసారిణి చొప్పున దేశమున నిలిపిన నెలలు కలవు. వీనిలో పెక్కు నూఱు వాట్ల చిన్న ప్రసారిణులు. నూఱు వాట్లనగా పాతకాలపు పెద్ద దీపపుబుడ్డి యొకటి త్రాగునంత విద్యుచ్ఛక్తియే. అంతమాత్రముతో నాలుగైదు క్రోసుల మేర గ్రామములకు బొమ్మను పంపెడిది. 1987లో ఆదివారముల ఉదయమున రామాయణము వచ్చునప్పుడు మా బడి పిల్లలలో నెవరు ఎవరి యింటి కిటికీ కడ నుందురో నాకు కంఠస్థము.

ఇక సంఖ్యల మాట. రేడియోకు ముల్లు త్రిప్పిన మీవంటి పెద్దలకు దీనిని గూర్చి విస్తరింప నక్కఱలేదు. హైదరాబాదు కేంద్రమునకు 738, కడపకు 900 అని చిరకాలము గుర్తుంచుకొన్నవారే మీరు. 738 అనగా అల సెకనునకు 738 వేల మాఱులు లేచి పడుట. శాస్త్రజ్ఞులు దీనిని పౌనఃపున్య మందురు. పునఃపునః, అనగా మరల మరల, అను మాటనుండి పుట్టిన పేరు గనుక ఇంతకంటె మంచి పేరు దీనికి నేనును పెట్టలేను. ఆ రేడియో అల యొక్కొక్కటి నాలుగువందల మీటర్ల పొడవు. మన దూరదర్శనపు పాత అలలలో పెక్కు సెకనునకు పదునేడు కోట్లకు మించి ఇరువదిమూడు కోట్ల వఱకు లేచి పడెడివి, కావున పొట్టివి. మిద్దెమీది ఆంటెన్నాలో తీగ తగిలించు ముఖ్యమైన కడ్డీ మూరన్నరకును రెండు మూరలకును నడుమ నుండుటకు కారణ మిదియే: అది అల పొడవులో సగము. అలల సంఖ్య పెరిగినకొలది కడ్డీ కుఱుచ కావలెను. ఇంగ్లండు దేశపు నేటి దూరదర్శనపు అలలు నలువదియేడు కోట్లకు పైబడినవి. అచటి కడ్డీలు ఇంచుమించు జేనెడు.

పాత పద్ధతిలో బొమ్మయందలి వెలుగునీడలను అలల హెచ్చుతగ్గులుగా మార్చి పంపెడివారు. బలము తగ్గినకొలది తెఱమీద చుక్కలు రాలెడివి, గీతలు పడెడివి, ధ్వని గరగరలాడెడిది. అప్పుడు పిల్లవానిని మిద్దె యెక్కించి, “త్రిప్పుము, ఇంకను త్రిప్పుము, అదిగో, ఆపుము!” అని క్రిందినుండి కేకలు వేయని గృహస్థుడు లేడు. డిజిటల్ పద్ధతి వేఱు. ఇందు బొమ్మయు ధ్వనియు ముందుగా అంకెలగును. ఆ యంకెలన్నియు రెండే గుర్తులతో వ్రాయబడును. రెండు గుర్తులతో లోకమంతయు ఎట్లు వ్రాయుదురని సంశయింపవలదు. మన పద్యములన్నియు గురువు, లఘువు అను రెండింటితోనే కదా నడచుచున్నవి! మూడక్షరముల గణములు ఎనిమిదియే యేల? రెండు గుర్తులను మూడు చోట్ల నుంచినచో ఎనిమిది విధములే యగును గనుక. యంత్రము చేయు లెక్కయు నిదియే. కాకున్న అది సెకనునకు కోట్లకొలది గురులఘువులను పంపును.

తాళపత్రములను పరిష్కరించువారి పని మీలో కొందఱు చూచియుందురు. పురుగు తొలిచి యక్షరము పోయిన చోట గణము చూచి, యతి చూచి, ప్రాస చూచి, ఇచట నుండదగిన యక్షర మిదియని పూరింతురు. డిజిటల్ ప్రసారమునందును ఇట్టి కట్టుబాట్లను కొన్నిటిని కావలెననియే చేర్చి పంపుదురు. త్రోవలో గుర్తులు కొన్ని చెడినను పెట్టె వానిని దిద్దుకొనును. బొమ్మ అద్దమువలె నుండును. పురుగు సగము ఆకును తినివేసినచో ఎంతటి పండితుడైనను ఆకును క్రింద పెట్టవలసినదే. ఈ పెట్టెయు నంతే. చుక్కలు రాలుట, గీతలు పడుట యను హెచ్చరికలు లేవు. బొమ్మ క్షణకాలము గడులు గడులుగా విఱిగి, నిలిచిపోయి, నల్లనగును. పాతది ముసలితనము వంటిది, క్రొత్తది గుండెపోటు వంటిది అని నేను పిల్లలకు చెప్పెడివాడను. నిన్నటివఱకు దివ్యముగా కనబడినది గనుక పెట్టెయే చెడెనని తలచుట సహజము. ఆ తలంపుమీదనే బాగుచేయువాని బ్రదుకు నడచును.

మఱియొక చిక్కు కలదు. డిజిటల్ పెట్టె మొదట తిరిగి చూచినప్పుడు, ఏ ఛానలు ఏ సంఖ్యయందున్నదో తన జ్ఞాపకమున ఒక పట్టిక వ్రాసికొనును. పంపువారు సంఖ్య మార్చినను పెట్టె ఆ పాత చిరునామాకే పోయి తలుపు తట్టుచుండును. లోపల నెవరును లేరు గనుక ‘సిగ్నల్ లేదు’ అని తెఱమీద వ్రాయును. అది నిజము, కాని పూర్తి నిజము కాదు.

సంఖ్యల నేల మార్పవలెను? పాత పద్ధతిలో ఒక ఛానలు పట్టిన చోటులో డిజిటల్ పద్ధతిచే పెక్కింటిని పంపవచ్చును. అందుచే ఆకాశమున చోటు మిగులును. ఆ చోటును చేతిఫోనుల కంపెనీలకు కావలెను, ప్రభుత్వమునకు దానివలన ధనము వచ్చును. దూరదర్శనమును ఒక ప్రక్కకు జరిపి ఆ చోటును ఫోనుల కిచ్చుట అనేక దేశములలో జరిగినది. ఇంగ్లండువారు ఈ పనిని నడిపిన విధము మనము వినదగినది. 2007వ సంవత్సరమున సముద్రతీరమునందలి వైట్‌హేవెన్ అను చిన్న పట్టణముతో మొదలుపెట్టిరి. అచటను ఒక్కమాఱుగా ఆపలేదు. అక్టోబరు 17వ తేదీన ఒక్క ఛానలును మాత్రము తీసి, తక్కినవానిని నవంబరు 14వ తేదీవఱకు నిలిపిరి. ఒక ఛానలు పోయినప్పుడే జనులు మేల్కొందురని వారి యూహ. ఇట్లు ప్రాంతము వెంబడి ప్రాంతమునకు పోయి 2012 అక్టోబరు 24వ తేదీన ఉత్తర ఐర్లండుతో ముగించిరి. డెబ్బదియైదేండ్లు నిండినవారికిని, కొన్ని తరగతుల వికలాంగులకును ఇంటికి మనిషిని పంపి పరికరము అమర్చి, వాడుట నేర్పు ఏర్పాటొకటి చేసిరి. వారి పాలనను మనము మెచ్చుకొనిన సందర్భములు తక్కువ. ఇది మాత్రము మెచ్చదగినది. తరువాత ఫోనుల కొఱకు మరల సంఖ్యలు మార్చుచుండగా 2020లో మహమ్మారి వచ్చినది. వృద్ధులు ఇండ్ల గడప దాటరాని యా దినములలో టీవీ పోరాదని, ఆ పనిని కొన్ని నెలలు ఆపి, ఆగస్టులో ముగించిరి.

నా పూర్వవిద్యార్థి యొకడు ఉత్తర ఇంగ్లండులో వైద్యుడు. 2021 ఆగస్టు 10వ తేదీన అచటి బిల్స్‌డేల్ అను ప్రసారస్తంభము అంటుకొన్నది. మూడువందల మీటర్లు దాటిన స్తంభ మది. లక్షల యిండ్లలో టీవీలు ఒక్కసారిగా నల్లనైనవి. కొన్ని వారములకు పొట్టి స్తంభమొకటి నిలిపి ప్రసారము సాగించి, పెట్టెలను మరల వెదకింపుడని జనులకు చాటిరి. మావాడు సాయంకాలము ఆసుపత్రినుండి వచ్చి తన వీథిలోని ముసలివారి యిండ్లకు పోయి మీట నొక్కి పెట్టుచుండెనట. “అయ్యవారూ, పెట్టె చెడలేదని చెప్పినను తాతలు నమ్మరండి” అని ఫోనులో నవ్వినాడు. పరాయిదేశపు వృద్ధులకు వాడు చేసిన పనిని, నాలుగు క్రోసుల దూరమున నున్న నా పెద్దమ్మకు నేను చేయలేదు. ఈ మాట వానితో అనలేదు.

పెద్దమ్మకు నేను పిమ్మట దూరదర్శనమువారి ఫ్రీ డిష్ పెట్టింపించితిని. నెలసరి రుసుము లేనిది. చిన్న గొడుగును మన ప్రాంతమున ఆగ్నేయ దిక్కునకు త్రిప్పి కట్టుదురు. ముప్పదియాఱువేల కిలోమీటర్ల యెత్తున నున్న ఉపగ్రహమే ఇప్పుడు మన గుట్టమీది స్తంభము. ఇందును మార్పులు తప్పవు. ఛానళ్లకు చోట్లను వేలమున నిచ్చెదరు గనుక, ఏప్రిలు మొదట కొన్ని పోవును, కొన్ని వచ్చును, కొన్ని జరుగును.

కావున పెట్టె నల్లనైనప్పుడు ముందుగా చూడవలసినది, అన్నియు పోయినవా, కొన్నియేనా యని. కొన్ని ఛానళ్లు వచ్చుచు కొన్ని రానిచో పట్టిక మాఱినది. రిమోటుమీద మెనూ అను మీట నొక్కి, ఛానళ్లను వెదకు ఆజ్ఞ నిచ్చి, కొన్ని నిమిషములు ఓపిక పట్టవలెను. అన్నియు పోయినచో వెదకింపవలదు. తొందరపడి వెదకించినచో కొన్ని పెట్టెలు ఉన్న పట్టికను గూడ తుడిచివేయును. అప్పుడు తీగ ఊడినదా, ఎలుక కొఱికినదా, గాలికి గొడుగు జరిగినదా యని చూడుడు. జోరువాన పడుచున్నచో ఏమియు చేయవలదు. వాన వెలిసినపిమ్మట బొమ్మ తనంతట వచ్చును. ఇవి చూడకుండ పెట్టెను విప్పనీయకుడు, పైకము ఈయకుడు. మీ వీథిలో మిద్దెమీద పాత కడ్డీల ఆంటెన్నా యింకను నిలిచియున్న యిల్లు కనబడినచో, లోపలికి పోయి ఆ యింటివారికి బొమ్మ వచ్చుచున్నదో లేదో యొకమాఱు అడుగుడు.

మఱుసటి యేడు ఏప్రిలులో పెద్దమ్మకు భక్తి ఛానలొకటి కనబడకుండ పోయినది. వెదకి యిచ్చుటకు రెండువందలగునని ఊరి పిల్లవాడొకడు చెప్పెనట. వానిని అరుగుమీద కూర్చుండబెట్టి, మజ్జిగ యిచ్చి, నేను కాగితముమీద పెద్దయక్షరములతో వ్రాసిపెట్టిన వరుస చొప్పున తానే మీటలు నొక్కినది. ఛానలు వచ్చినది. మిద్దెమీది పాత ఆంటెన్నా కఱ్ఱను మాత్రము తీయనీయలేదు. దానిమీదికి చిక్కుడుతీగను ప్రాకించినది.

సెలవు.