మన మాట, పరుల యంత్రము



జమాఖర్చులు వ్రాసికొనువానికి చలనచిత్రములతో పనియేమని మీలో కొందఱు నవ్వవచ్చును. కాని ఆ చరిత్రలో సగము జమాఖర్చే.

మచిలీపట్టణమునకు చెందిన రఘుపతి వెంకయ్యగారు 1921లో కుమారుడు ప్రకాశ్‌తో కలిసి మద్రాసున స్టూడియో నెలకొల్పి 'భీష్మప్రతిజ్ఞ' నిర్మించిరి. అది మూకచిత్రము, పగటి వెలుగుతోనే చాలవఱకు పని జరుగు కాలమది.

మాట వచ్చినంతనే వ్యయము పెరిగెను. శబ్దగ్రహణ యంత్రము కావలెను, వెలుపలి చప్పుడు చొరని మందిరము కావలెను, విద్యుద్దీపములు కావలెను. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' 1932లో వెలువడినది. దర్శకులు హెచ్.ఎం. రెడ్డిగారు, లీలావతి వేషము సురభి కమలాబాయిగారిది. మాట మనది, పద్యము మనది, యంత్రము మాత్రము బొంబాయిది! హిరణ్యకశిపుడంతటివాడును రైలెక్కి పోవలసివచ్చెను.

1934 నాటికి మద్రాసున శబ్దస్టూడియో ఏర్పడెను. 1936లో నిడమర్తి సూరయ్యగారు రాజమహేంద్రవరముననే దుర్గా సినీటోన్ స్థాపించిరి. ఆంధ్రదేశమున అదియే తొలి స్టూడియో. అది చిరకాలము నిలువలేదు. చిత్రపరిశ్రమ దశాబ్దములపాటు మద్రాసునే అంటిపెట్టుకొనియుండెను. దీనిని సాహసమని కొందఱు, దుస్సాహసమని కొందఱు అందురు. నేను మొదటి పక్షమువాడను. ఆ స్టూడియో ఆదాయవ్యయముల పుస్తకము ఏ అటకమీదనైన మిగిలియున్నచో, ప్రబంధములు ప్రక్కనబెట్టి ముందుగా దానినే చదువుదును.