సాఫ్ట్‌బాల్ ఆడే పిల్లల నడుము - మనం నేర్పవలసిన జాగ్రత్తలు

(విద్యార్థినులు, తల్లిదండ్రులు, వ్యాయామ ఉపాధ్యాయుల ఆరోగ్య అవగాహన సమావేశంలో ఒక నర్సు చేసిన ప్రసంగ పాఠం)



సూది మందు వేసే నర్సమ్మకు బ్యాటుతో ఏమి పని అని మీలో కొందరు అనుకోవచ్చు. నర్సింగు శిక్షణలో మాకు మొదట్లోనే నేర్పే పాఠం ఒకటుంది. రోగిని మంచం మీదనుండి కుర్చీలోకి మార్చేటప్పుడు పాదాలు ఎడంగా పెట్టాలి, మోకాళ్ళు వంచాలి, పొట్ట బిగించాలి, బరువును ఒంటికి దగ్గరగా ఉంచుకోవాలి. పక్కకు తిరగవలసి వస్తే నడుము మెలితిప్పకూడదు, పాదాలతో తిరగాలి. బ్యాటు తిప్పే పద్ధతికి కూడా ఇదే మూలం. నీళ్ళ బిందె ఎత్తే తల్లికీ, బంతిని కొట్టే కూతురికీ దేవుడిచ్చిన నడుము ఒక్కటే కదా!

నడుము ఎంత తిరుగుతుంది?

నడుము భాగంలో అయిదు వెన్నుపూసలు ఉంటాయి. ఇవి ముందుకు వంగడానికీ, బరువు మోయడానికీ అనువుగా ఉంటాయి గాని, మెలి తిరగడానికి కాదు. వాటి కీళ్ళు ఒకదానికొకటి అడ్డుపడేలా అమరి ఉంటాయి. ఒక్కో కీలు ఒకటి రెండు డిగ్రీలు మాత్రమే తిరుగుతుంది. అన్నీ కలిపినా సుమారు 10 - 13 డిగ్రీలు. అంటే గడియారంలో పెద్ద ముల్లు రెండు నిమిషాల్లో జరిగేంత! తుంటి కీలు అలా కాదు. అది గిన్నెలో బంతిలాగా అమరి ఉంటుంది గనుక ఒక్కో వైపుకు 35 - 45 డిగ్రీల దాకా తిరుగుతుంది. నడుముకు పైన, పక్కటెముకలు అతుక్కున్న వీపు భాగం కూడా బాగానే తిరుగుతుంది.

కాబట్టి పిల్లలకు "నడుము తిప్పి కొట్టు" అని చెప్పవద్దు. "తుంటి తిప్పి కొట్టు" అని చెప్పండి. తిరగవలసినవి కింద తుంటి, పైన ఛాతీ. మధ్యలో ఉన్న నడుము గట్టిగా నిలబడి, కింది బలాన్ని పైకి అందించాలి. తుంటి తిరగకపోతే ఆ పని నడుము మీద పడుతుంది. ఒకసారి పడితే ఏమీ కాదు. రోజుకు వంద సార్లు, నెలల తరబడి పడితేనే ప్రమాదం.

పొట్ట, నడుము కండరాల పని

కోర్ అని ఆటల మాస్టర్లు అంటుంటారు. అది పొట్ట ముందు కనబడే కండలు మాత్రమే కాదు. పైన ఊపిరి పీల్చడానికి తోడ్పడే డయాఫ్రం, కింద కటి అడుగు కండరాలు, చుట్టూ నడికట్టులా ఉండే ఉదర కండరాలు, వెనుక వెన్ను పక్కన ఉండే చిన్న కండరాలు, వీటికి తోడు పిరుదుల కండరాలు. ఇవన్నీ కలిస్తేనే కోర్. ఇవి ఎలా బిగుస్తాయో తెలియాలంటే పొట్టకు రెండు పక్కలా వేళ్ళు పెట్టి ఒక్కసారి దగ్గండి. వేళ్ళ కింద గట్టిపడింది కదా? కడుపు ఆపరేషన్ అయినవారికి దగ్గేటప్పుడు పొట్టమీద దిండు అదిమి పట్టుకోమని మేము చెప్పేది ఇందుకే. బంతిని కొట్టే క్షణంలో ఆ బిగువు ఉండాలి. అయితే ఊపిరి బిగబట్టకూడదు. కొడుతూ ఊపిరి వదలాలి.

బలం కిందనుండి పైకి

కుడిచేతి వాటం అమ్మాయిని ఉదాహరణగా తీసుకుందాం. ఆమె ఎడమ పక్క బంతి వేసేవారి వైపు ఉంటుంది.

1. పాదాలు భుజాలకంటే కొంచెం ఎడంగా ఉంచి, మోకాళ్ళు కొద్దిగా వంచాలి. వీపు గూనిగా చేయకుండా తుంటి దగ్గర కొంచెం ముందుకు వంగాలి.
2. బరువు కాసేపు కుడి కాలి మీదకు పోవాలి. ఒళ్ళంతా వెనక్కి ఒరగకూడదు.
3. ఎడమ పాదం చిన్న అడుగు వేసి మెల్లగా ఆనాలి. పెద్ద అంగ వేస్తే తుంటి తిరగలేదు.
4. ఎడమ కాలు గట్టిగా నిలవగానే కుడి మడమ లేచి, కుడి మోకాలు, దానితో తుంటి ముందుకు తిరగాలి. బొడ్డు బంతి వచ్చే వైపు చూడాలి.
5. ఆ తరువాతే ఛాతీ, భుజాలు, చేతులు రావాలి. అన్నిటికంటే ఆఖరున బ్యాటు రావాలి. తల కదలకూడదు.

తాడు మొదలు దగ్గర ఒక్క కుదుపు కుదిపితే ఆ అల చివరిదాకా పోయి చివర ఛెళ్ళుమంటుంది. ఇదీ అంతే. చేతులు ముందు, తుంటి తరువాత వస్తే ఆ అల తెగిపోతుంది. అప్పుడు పిల్లలు బలం చాలక వెనక్కి విరుచుకుని లాగి కొడతారు. నడుముకు దెబ్బ అక్కడే.

మన పిల్లలు చాలామంది క్రికెట్ చూసి పెరిగినవారు. క్రికెట్‌లో బంతి ఎక్కువగా నేలమీద పడి లేస్తుంది. సాఫ్ట్‌బాల్‌లో నేలను తాకకుండానే మోకాళ్ళకూ చంకలకూ మధ్య వస్తుంది. కాబట్టి బ్యాటును అడ్డంగా తిప్పక తప్పదు. అందువల్ల తుంటి తిరగడం ఇక్కడ మరీ ముఖ్యం.

ఎలా నేర్పాలి?

పెద్ద అమ్మాయిల ఆటలో బంతి వేసేచోటు 43 అడుగుల దూరంలో, అంటే సుమారు 13 మీటర్ల దూరంలో ఉంటుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వేస్తే బంతి 0.6 సెకనులో వచ్చేస్తుంది. ఆ కాస్త సమయంలో "మోకాలు, తుంటి, భుజం" అని ఏ పిల్లా ఆలోచించలేదు. కాబట్టి బంతి లేనప్పుడే, నెమ్మదిగా, ఒక్కో రోజు ఒక్కో మాట చొప్పున అలవాటు చేయాలి.

మొదట బ్యాటు ఇవ్వకండి. చేతులు ఛాతీమీద కట్టుకుని తుంటి తిప్పడం నేర్పండి. తరువాత ఒక కర్రను తుంటి వెనుక అడ్డంగా పట్టుకోమనండి. కర్ర ఎంత తిరిగితే తుంటి అంత తిరిగినట్టు. అది పిల్లకే కనబడుతుంది. ఆ తరువాత బంతిని స్టాండు మీద పెట్టి కొట్టించండి. స్టాండు కొనే స్తోమత లేని బడి అయితే, ఇసుక నింపిన డబ్బాలో వెదురు కర్ర పాతి, పైన సైకిలు ట్యూబు ముక్క తొడిగితే చాలు. చివరగా దగ్గరనుండి మెల్లగా బంతి విసరండి.

బ్యాటు బరువు చూడండి. ఒక్క చేత్తో చాచి 20 సెకన్లు వణకకుండా పట్టుకోలేకపోతే అది ఆ పిల్లకు బరువే. పెద్ద పిల్లల బ్యాటు చిన్న తరగతి వారికి ఇవ్వడం వల్లనే చాలామంది వెనక్కి విరుచుకుని కొడతారు. ఇరవై సార్లు కొట్టాక విశ్రాంతి ఇవ్వండి. రెండవ వైపు నుండి కూడా కొన్నిసార్లు తిప్పించండి.

వారానికి మూడు రోజులు, చాప ఒక్కటే ఖర్చు: మోచేతుల మీద బోర్లా నిలబడడం 20 సెకన్లు, అదే పక్కకు ఒరిగి, వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి పిరుదులు పైకి లేపడం 10 సార్లు, మోకాళ్ళ మీద, అరచేతుల మీద ఉండి ఎదురెదురు చేయి, కాలు చాచడం 10 సార్లు. పాదాలు ఎవరో అదిమి పట్టుకోగా గబగబా లేచి కూర్చునే వ్యాయామం మానిపించండి. అది నడుముకు శ్రమ.

నొప్పి వస్తే

తల్లులు దయచేసి ఇది శ్రద్ధగా వినాలి. ఎదిగే వయసులో వెన్నుపూస ఎముక ఇంకా పూర్తిగా గట్టిపడదు. మెలితిప్పడం, వెనక్కి విరవడం మాటిమాటికీ జరిగితే వెన్నుపూస వెనుక భాగంలో సన్నని పగులు రావచ్చు. ఎక్కువగా అయిదవ నడుము పూసలో వస్తుంది. క్రికెట్ ఫాస్ట్ బౌలర్లలో, జిమ్నాస్టిక్స్ చేసే పిల్లల్లో ఇది బాగా తెలిసిన సంగతి. లక్షణాలు: నడుము కింది భాగంలో, తరచుగా ఒకే పక్కన నొప్పి, వెనక్కి వంగితే, ఆడితే ఎక్కువ, విశ్రాంతితో తక్కువ.

మన ఇళ్ళలో ఆడపిల్ల నడుము నొప్పి అంటే "నెలసరి నొప్పిలే" అని ఊరుకుంటాము. పిల్ల కూడా సిగ్గుతో నోరెత్తదు. లేదా జట్టులోనుండి తీసేస్తారని దాచుకుంటుంది. కాబట్టి గోడ క్యాలెండరు తీసుకోండి. నెలసరి రోజులకు ఒక గుర్తు, నడుము నొప్పి వచ్చిన రోజులకు ఒక గుర్తు, ఆడిన రోజులకు ఒక గుర్తు పెట్టించండి. నొప్పి గుర్తులు ఆడిన రోజులతో కలిసి వస్తే, రెండు వారాలకు మించి ఉంటే డాక్టరుకు చూపించండి. ఆ క్యాలెండరు కూడా తెండి. మొదట్లో ఎక్స్‌రేలో పగులు కనబడకపోవచ్చు. "ఎక్స్‌రే బాగుంది" అని మళ్ళీ మైదానంలోకి పంపకుండా డాక్టరు మాట వినండి. మర్దనా చేయించి, నొప్పి మాత్ర వేసి పోటీకి పంపడం అన్నిటికంటే హాని.

రాత్రి నిద్రలేపే నొప్పి, జ్వరం, బరువు తగ్గడం, కాళ్ళ తిమ్మిరి, మూత్ర విసర్జన అదుపు తప్పడం ఉంటే ఒక్కరోజు కూడా ఆగవద్దు. వెన్నుకు క్షయ వ్యాధి పిల్లల్లో కూడా వస్తుందని మరువకండి.

పగులు అని తేలినా భయపడనక్కరలేదు. సాధారణంగా మూడు నెలలపాటు ఆట ఆపి, ఫిజియోథెరపీ చేయిస్తే ఎక్కువమంది మళ్ళీ ఆడగలుగుతారు. "ఆటలొద్దు, ఇంట్లో కూర్చో" అనడం వైద్యం కాదు. పరుగు, ఎండ, తోటిపిల్లల జట్టు ఆడపిల్ల ఎముకకూ మనసుకూ బలం.

మాస్టర్లూ, నొప్పి చెప్పిన పిల్లను జట్టులోనుండి తీసివేయకండి. స్కోరు రాయించండి, తనతోపాటు కూర్చోబెట్టుకోండి. అప్పుడే మిగతావాళ్ళూ దాచకుండా చెబుతారు. అమ్మాయిలూ, మీరు నాలుగు మాటలు గుర్తుంచుకోండి: పాదం తిరగాలి, తుంటి తిరగాలి, పొట్ట బిగియాలి, నొప్పి దాచకూడదు.