పెరటి అరటికి ముందుగానే ఊతం
(రోగుల బంధువుల కొరకు జరిగిన ఆరోగ్య అవగాహన సమావేశంలో చేసిన ప్రసంగం)



మీలో చాలామంది మీవారి మంచం పక్కన రాత్రంతా మేలుకుని ఇక్కడికి వచ్చారు. కనుక ఎక్కువసేపు మాట్లాడను. రోగి ఇంటికి వెళ్ళేటప్పుడు "ఏ పండు పెట్టమంటారు?" అని అడగని కుటుంబం ఉండదు. పళ్ళు లేనివారు కూడా తినగలిగేది, పేదవారి పెరట్లో కూడా పండేది అరటి. అయితే అరటి వేసుకోమంటే మన కోస్తా జిల్లాలవారు వెంటనే చెప్పే మాట, "వేశామండీ, గాలికి పడిపోయింది" అని. ఈ రోజు ఆ సంగతే చెప్పుకుందాం.

అరటి ఎందుకు పడిపోతుంది? మనం దానిని చెట్టు అంటాం గాని, దానిలో కలప లేదు. మానులాగా కనిపించేది ఒకదానిని ఒకటి చుట్టుకున్న ఆకు మట్టలే. అసలు కాండం నేలలో ఉన్న దుంప. వేళ్ళలో ఎక్కువ భాగం పై అడుగు, రెండు అడుగుల మట్టిలోనే ఉంటాయి. ఇంత మెత్తని మొక్క మీద 10 నుండి 20 కిలోల గెల వేలాడుతుంది. గాలికి ఆకులు చీలితే భయపడవద్దు. ఆ చీలికల గుండా గాలి వెళ్ళిపోతుంది గనుక మొక్కకు అది ఒక రక్షణే. మొదలు కదలడం, నడుము విరగడం, ఇవే ప్రమాదం.

కనుక ఈ జాగ్రత్తలు తీసుకోండి.

మొదటిది, చోటు. గాలి వచ్చే వైపున అవిశ మొక్కలు గాని, దట్టమైన కంచె గాని పెంచండి. ఎత్తైన గోడ కంటే కొంత గాలిని పోనిచ్చే కంచె మేలు. గోడ దాటిన గాలి సుడి తిరిగి మొక్క మీద పడుతుంది. కరెంటు తీగల కింద, పిల్లలు పడుకునే మంచం దగ్గర అరటి వేయవద్దు.

రెండవది, రకం. గాలి ఎక్కువగా ఉన్నచోట పొడుగు రకాల కంటే పొట్టి పచ్చ అరటి నయం. నాటడానికి సన్నని ఆకులు గల సూది పిలకను ఎన్నుకోండి. అడుగున్నర లోతు గుంట తీసి, బాగా చివికిన పశువుల ఎరువు వేసి నాటండి. మొక్కకు మొక్కకు 6 అడుగుల ఎడం ఉంచండి.

మూడవది, మొదలు. నెలా రెండు నెలలకొకసారి మొదట్లోకి మట్టి ఎగదోయండి. గిన్నెలు కడిగిన నీళ్ళు పోయవచ్చు గాని నిలవ ఉండనీయవద్దు. నీరు నిలిస్తే వేళ్ళు కుళ్ళుతాయి, దోమలు కూడా పెరుగుతాయి. పక్కన వచ్చే పిలకలలో ఒక్కదానిని ఉంచి మిగిలినవి తీసివేయండి.

నాలుగవది, అన్నిటికంటే ముఖ్యమైనది ఊతం. పువ్వు పడగానే రెండు వెదురు కర్రలను కత్తెరలాగా కట్టి, మొక్క వాలే వైపున గెల మెడ కింద పోటు పెట్టండి. కర్ర ఒరుసుకోకుండా పాత గోనెగుడ్డ చుట్టండి. గెల కోతకు రావడానికి ఇంకా మూడు నాలుగు నెలలు పడుతుంది. బరువు పెరిగాక చూద్దాములే అనుకుంటే, గాలి అంతవరకు ఆగదు.

తుపాను హెచ్చరిక వస్తే ముదిరిన గెలను ముందే కోసి ఇంట్లో పెట్టండి. గడ్డిలో మగ్గుతుంది. కార్బైడు మాత్రం వాడవద్దు, అది చట్టం నిషేధించినది, ఆరోగ్యానికి హాని. లేత గెల ఉంటే కింది ఆకులు కొన్ని కోసి గాలి పట్టు తగ్గించండి. 1996 నవంబరులో కోనసీమను, 2014 అక్టోబరులో హుద్‌హుద్ సమయాన విశాఖపట్నాన్ని చూసినవారికి ఆ గాలి ఎటువంటిదో తెలుసు. అటువంటి గాలిలో గెల కోసం ఎవరూ బయటకు వెళ్ళవద్దు. పడిపోయిన అరటిని మొదలంటా నరికితే దుంప నుండి మరల పిలక వస్తుంది. మనిషి ప్రాణం అలా తిరిగి రాదు.

పండు పెట్టే విషయంలో కూడా ఒక మాట. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి అరటిలోని పొటాషియం ప్రమాదం కావచ్చు. డాక్టరు గారిని అడగనిదే పెట్టవద్దు. షుగరు ఉన్నవారు ఎంత తినాలో అడిగి తెలుసుకోండి. విరేచనాలైనప్పుడు అరటిపండు మంచిదే గాని, అది ఓ.ఆర్.ఎస్. నీళ్ళకు బదులు కాదు.

చివరిగా, మీరు ఇంటికి తీసుకువెళ్ళే మనిషి కూడా కొన్నాళ్ళు ఆ అరటి వంటివారే. నిలబడినట్టే కనిపిస్తారు, లోపల బలం ఉండదు. పడిన తరువాత ఎత్తడం కంటే పడకముందు పట్టుకోవడం సులువు. బాత్‌రూములో పట్టుకోవడానికి ఒక కర్ర బిగించండి, తడి నేల తుడవండి, రాత్రి దీపం ఉంచండి, లేచేటప్పుడు భుజం అందించండి. దేవుడు మీ చేతులను మీవారికి ఊతంగా ఉంచును గాక.