పేడ లెక్క కూడా పాల లెక్కలోనిదే

(బోధన్ ప్రాంత పాల సంఘాల సభ్యుల సమావేశంలో సమాఖ్య తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పాల సంఘం మీటింగు అంటే వెన్న శాతం, పాల ధర, దాణా, బిల్లు ఎప్పుడొస్తుంది, ఇవే మాటలు. అవి అవసరమే. కానీ ఇవాళ మేము పేడ గురించి చెప్పదలచాము. బర్రె పూటకు ఎన్ని లీటర్లు ఇచ్చిందో మనకు నోటి లెక్క. అదే బర్రె రోజుకు సుమారు 15 కిలోల పేడ వేస్తుంది. ఆ పేడ ఎటు పోతున్నదో మన సంఘం పుస్తకాల్లో ఎక్కడా ఉండదు. ఆ లెక్క రాయడం నేర్చుకున్న ఒక పాడి దేశం కథ ముందు చెబుతాము. తరువాత మన మంజీర ఒడ్డుకు వద్దాము.

డెన్మార్క్ నేర్చుకున్న పాఠం

యూరప్‌కు ఉత్తరాన ఉన్న డెన్మార్క్ చిన్న దేశం. జనాభా 60 లక్షలు. మన మాదిరి సహకార పాల సంఘాలకు అది పుట్టిల్లు వంటిది. అమెరికా నుంచి చవక ధాన్యం వచ్చి పడి అక్కడి రైతుకు గిట్టుబాటు కానప్పుడు, రైతులు ధాన్యం నుంచి పాడికి మళ్లారు. 1882లో యెడ్డింగ్ అనే పల్లెలో మొదటి సహకార పాల కేంద్రం తెరిచారు. ఎన్ని పశువులున్నా మనిషికి ఒకటే ఓటు. కొద్ది ఏళ్లలో ఆ పద్ధతి దేశమంతా పాకింది. డెన్మార్క్ వెన్న ఇంగ్లండు దాకా పేరు తెచ్చుకుంది.

ఆ దేశం ఇవాళ పర్యావరణం విషయంలో ముందు వరుసలో ఉన్నదని అందరూ అంటారు. పుట్టుకతో అట్లా లేదు. 1973లో చమురు సంక్షోభం వచ్చినప్పుడు ఆ దేశపు శక్తి అవసరాల్లో 90 శాతం దాకా దిగుమతి చమురే. ఆదివారాలు కార్లు నడపరాదని ప్రభుత్వం ఆంక్ష పెట్టవలసి వచ్చింది. అప్పటి నుంచి గాలిమరల మీద దృష్టి పెట్టారు. ఇప్పుడు వారి కరెంటులో సగానికి పైగా గాలి నుంచే వస్తున్నది.

మనకు సంబంధించిన సంగతి దీని తరువాత జరిగింది. 1986లో కాట్టెగాట్ సముద్రంలో చేపలవాళ్ల వలల్లో చచ్చిన పెద్దరొయ్యలు పడ్డాయి. టీవీలో చూసి దేశం ఉలిక్కిపడింది. నీటిలో ప్రాణవాయువు లేక అవి చచ్చాయి. ఎందుకు లేదు? పొలాల మీద మోతాదు మించి వేసిన పేడ, ఎరువు వానకు కొట్టుకుపోయి సముద్రంలో నాచు పెంచింది. ఆ నాచు చచ్చి కుళ్లుతూ నీటిలోని ప్రాణవాయువును తినేసింది. మన ఊరి చెరువులో గుర్రపుడెక్క కమ్ముకున్నప్పుడు జరిగేదీ ఇదే.

1987లో వారి పార్లమెంటు ఒక నీటి ప్రణాళిక పెట్టింది. నత్రజని కారడాన్ని సగానికి, భాస్వరాన్ని 80 శాతం తగ్గించాలన్నది లక్ష్యం. పేడను నెలల తరబడి తొట్లలో నిలువ చేయాలి, పైరు తీసుకోగల కాలంలోనే చల్లాలి, ఎంత చల్లినదీ లెక్క రాయాలి అన్నారు. పెట్టుకున్న గడువులో అది పూర్తి కాలేదు. 1998లో రెండవ ప్రణాళిక తెచ్చారు. పాతికేళ్ల సుమారు కాలంలో నత్రజని కారడం దాదాపు సగమైంది.

నిలువ చేసిన పేడతో గ్యాసు తీయడం దానితోపాటు పెరిగింది. అనేక పొలాల పేడను ట్యాంకర్లలో ఒక చోటికి చేర్చి గ్యాసు తీస్తారు. మిగిలిన ద్రవాన్ని మళ్లీ రైతుల పొలాలకే పంచుతారు. 2023 నాటికి ఆ దేశపు గ్యాసు పైపుల్లో పారే గ్యాసులో దాదాపు 40 శాతం ఇట్లా పుట్టినదే. డెన్మార్క్, స్వీడన్ పాల సంఘాలు 2000లో కలిసి ఆర్లా అనే సహకార సంస్థ అయ్యాయి. ఆ సంస్థ 2023 నుంచి పేడ, మేత, కరెంటు విషయాల్లో రైతు తీసుకున్న జాగ్రత్తకు పాయింట్లు వేసి, వాటిని బట్టి పాల ధరలో కొంత అదనంగా ఇస్తున్నది.

2024లో ప్రభుత్వం, రైతు సంఘాలు, ప్రకృతి రక్షణ సంఘం, కార్మిక సంఘాలు ఒక బల్ల చుట్టూ కూర్చుని ఒప్పందం చేసుకున్నాయి. పశువుల నుంచి వెలువడే వాయువుల మీద 2030 నుంచి పన్ను వేస్తారు.  పోట్లాడి అయినా రైతులు బల్ల వదిలి పోలేదు.

అంతా బాగుందని చెప్పలేము. ఆ దేశంలో మనుషుల కంటే పందులే ఎక్కువ. అఖాతాల్లో నీరు ఇంకా చెడుతూనే ఉన్నది. 2024 ఏప్రిల్‌లో వైలె అనే అఖాతం చచ్చిపోయిందని జనం దానికి అంత్యక్రియలు కూడా జరిపారు. పశువులను పెంచినంత తేలికగా నీటిని బాగుచేయలేమని ఆ దేశమే సాక్ష్యం.

మన నేల మాట

ఇక మన సంగతి. మన ప్రాంతాన్ని బతికించింది నీరే. 1923 నుంచి 1931 దాకా మంజీర మీద నిజాంసాగర్ కట్టారు. ఆ నీటి మీద భరోసాతోనే 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ వెలిసింది. చక్కెర ఫ్యాక్టరీలో పారవేసేది తక్కువ. పిప్పి బాయిలర్‌లోకి, మొలాసెస్ డిస్టిలరీకి, ప్రెస్ మడ్డి పొలానికి పోతాయి. చెరకు కొట్టే కాలంలో చెరకు కొసలు మన పశువుల ముందు పడేవి. 2002లో ఫ్యాక్టరీలో అధిక వాటా ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో మూతపడింది. చెరకు తగ్గి వరి పెరిగింది. కొసల మేత పోయి వరిగడ్డి మిగిలింది. ఆ గడ్డి కూడా కోత మిషను వచ్చాక చాలా చోట్ల పొలంలోనే తగలబడుతున్నది.

నీటి సంగతి కూడా గుర్తు చేస్తాము. నిజాంసాగర్ తొలినాటి నిలువ 1970లు వచ్చేసరికే సగానికి పైగా పూడికలో పోయింది. తరువాత ఎత్తు పెంచితే ఇప్పుడు 17.8 టీఎంసీలు. 112 టీఎంసీలకు కట్టిన శ్రీరాంసాగర్ 80కి వచ్చింది. మన మంజీర కందకుర్తి వద్ద గోదావరిలో కలిసి ఆ శ్రీరాంసాగర్‌కే పోతుంది. మన పొలం గట్టు దాటి కొట్టుకుపోయిన మట్టి, యూరియా ఎక్కడ తేలుతాయో వేరే చెప్పనక్కరలేదు.

పేడ లెక్క

డెన్మార్క్‌కు పేడ ఎక్కువై చిక్కు వచ్చింది. మనకు పేడ చాలక, ఉన్నది పాడై చిక్కు వస్తున్నది. ఒక సంఘంలో 100 మంది సభ్యులు, ఇంటికి 2 బర్రెలు అనుకుందాము. రోజుకు 3,000 కిలోల పేడ. అందులో కొంత పిడకలై పొగలో పోతుంది, ఆ పొగ ఆడవాళ్ల కళ్లలోకే. మిగిలినది పెంటకుప్పలో ఎండకు ఎండి వానకు కారి సారం పోగొట్టుకుంటుంది. ఆపైన మనమే దుకాణానికి పోయి యూరియా బస్తా కొంటాము.

25 కిలోల పేడకు అంతే నీరు కలిపితే సుమారు 1 ఘనపు మీటరు గ్యాసు వస్తుంది. ముగ్గురు నలుగురికి వంట జరుగుతుంది. గ్యాసు తీసినా పేడలోని నత్రజని పోదు. బయటికి వచ్చే స్లర్రీ పొలానికి మంచి ఎరువు. పేడ నిలువ గుంటలో కుళ్లి ఊరకే గాలిలో కలిసే మీథేన్ భూమిని వేడెక్కిస్తుంది. అదే గ్యాసు పొయ్యిలో మండితే ఆ హాని చాలా తగ్గుతుంది.

“గోబర్ గ్యాసు మా నాయన కాలంలోనే కట్టారు, రెండేళ్లకే మూలబడింది” అని ఎవరైనా అనవచ్చు. నిజమే. 1981-82 నుంచి కేంద్ర పథకం కింద దేశమంతటా ప్లాంట్లు కట్టారు. పశువులు చాలనిచోట కట్టినవి, డోము పగిలితే బాగుచేసే మేస్త్రీ దొరకనివి ఆగిపోయాయి. లోపం పేడలో లేదు, వెనుక నిలబడే సంఘం లేకపోవడంలో ఉన్నది. గుజరాత్‌లో ఆనంద్ దగ్గర జకరియాపురా అనే ఊళ్లో జాతీయ పాడి అభివృద్ధి బోర్డు సాయంతో మహిళలు పేడ సహకార సంఘమే పెట్టుకున్నారు. ఇంటింటికీ చిన్న ప్లాంటు, మిగిలిన స్లర్రీని సంఘం కొంటుంది. పాలకు పనికొచ్చిన పద్ధతి పేడకూ పనికొచ్చింది.

గడ్డి లెక్క

తగలబెట్టే గడ్డిని మేతగా మార్చుకోవచ్చు. 100 కిలోల వరిగడ్డికి 4 కిలోల యూరియాను 50 నుంచి 60 లీటర్ల నీటిలో పూర్తిగా కరిగించి, పొరపొరకూ చల్లి, తొక్కి, గాలి చొరకుండా పట్టా కప్పి 21 రోజులు ఉంచాలి. తీశాక గంటసేపు ఆరబెట్టి వేయాలి. ఆరు నెలల లోపు దూడలకు పెట్టరాదు. యూరియా నీళ్లు పశువుకు అందేచోట ఉంచరాదు, తాగితే ప్రాణం పోతుంది. ఈ గడ్డి బాగా అరుగుతుంది, మాంసకృత్తులు పెరుగుతాయి. దీనితో పచ్చిమేత, ఖనిజ లవణ మిశ్రమం అందితే బర్రె పాలు పెరుగుతాయి, సకాలంలో కడుతుంది. అప్పుడు లీటరు పాలకు వెలువడే మీథేన్ కూడా తగ్గుతుంది. రైతు లాభం, నేల లాభం ఇక్కడ ఒకే దారిన నడుస్తాయి.

సంఘం చేయవలసినది

వచ్చే సర్వసభ్య సమావేశంలో మూడు తీర్మానాలు పెట్టమని కోరుతున్నాము. ఒకటి, పాల రిజిస్టరు పక్కన పేడ రిజిస్టరు తెరవండి. ఏ ఇంట ఎన్ని పశువులు, పేడ ఎటు పోతున్నది రాయండి. రెండు, రోజూ 50 కిలోల పేడ, నీరు ఉన్న ఇళ్లకే ముందు 2 ఘనపు మీటర్ల ప్లాంటుకు పేరు ఇవ్వండి. ఊరి కుర్రవాడొకరికి మరమ్మతు నేర్పించండి. మూడు, కోతలప్పుడు గడ్డి కట్టలు కట్టే యంత్రాన్ని నలుగురు కలిసి అద్దెకు తెచ్చుకోండి. తమ సంఘం పరిధిలో గడ్డికి నిప్పు పెట్టరాదని సభ్యులే నియమం చేసుకోండి.

డెన్మార్క్ రైతుకు చట్టం వచ్చి చెప్పింది, అప్పటికి సముద్రం చెడింది. మన మంజీర ఇంకా పారుతున్నది, మన పెంటకుప్ప ఇంకా మన చేతిలోనే ఉన్నది. ఫ్యాక్టరీ తలుపులు తెరవడం మూయడం రైతు చేతిలో లేకపోయింది. పాల సంఘం అట్లా కాదు, దాని తాళంచెవి మన దగ్గరే ఉన్నది. కాబట్టి ఈ పని మనమే మొదలు పెట్టుకోవచ్చు.