జొన్నల్లో తీర్చిన అప్పు



జె.సి. కుమారప్ప గారి పేరిట మాట్లాడమని పిలిచినప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చింది ఆయన వృత్తి. ఆయన లెక్కల మనిషి. 1892లో తంజావూరులో పుట్టారు. లండనులో అకౌంటెన్సీ నేర్చి బొంబాయిలో ఆడిటరుగా పనిచేశారు. 1934లో బీహారు భూకంప సహాయ నిధి జమాఖర్చులు చూసిందీ ఆయనే. క్విట్ ఇండియా కాలంలో జబల్‌పూర్ జైల్లో కూర్చుని ‘ఎకానమీ ఆఫ్ పర్మనెన్స్’ రాశారు. అందులో ఆర్థిక వ్యవస్థలను ఐదు రకాలుగా విడదీశారు. గొర్రెపిల్లను తినే పులిది ఒక రకం. నాటిందీ లేదు, నీళ్ళు పోసిందీ లేదు, మామిడితోపులో కాయలు మాత్రం కోసుకునే కోతిది రెండో రకం. తన గూడు తాను కట్టుకునే పక్షి, గుంపు కోసం పనిచేసే తేనెటీగ, ఏమీ ఆశించక పెంచే తల్లి ఆ పైమెట్లు. ఎవరు ఎంత తీసుకున్నారు, ఎంత తిరిగి ఇచ్చారు అన్నదే ఆయన కొలమానం. ఈరోజు ‘షేరింగ్ ఎకానమీ’ అని మనం చెప్పుకునేదాన్ని కూడా ఆ కొలమానంతోనే చూద్దామని నా ప్రయత్నం.

ఎయిర్‌బీఎన్‌బీ 2008లో, ఊబర్ 2009లో, ఓలా 2010లో పుట్టాయి. ఖాళీగా ఉన్న గదిని, ఖాళీగా ఉన్న కారును నలుగురికీ పనికొచ్చేలా చేస్తే కొత్తవి తయారుచేసే అవసరం తగ్గుతుందని అప్పట్లో అందరం ఆశపడ్డాం. ఆ ఆశ తప్పు కాదు. కానీ మన నగరాల్లో జరిగిందేమిటి? ఖాళీ కార్లు రోడ్డెక్కడం కాదు, అప్పుచేసి కొత్త కార్లు కొన్నారు. కిస్తీ డ్రైవరుది, డీజిలు డ్రైవరుది, ట్రాఫిక్ చలానా డ్రైవరుది. కిలోమీటరుకు ఎంత, అందులో కంపెనీకి ఎంత అన్నది మాత్రం అతని చేతిలో లేదు. ఊబర్ డ్రైవర్లు కంపెనీ కింద పనిచేసే కార్మికులేనని 2021 ఫిబ్రవరిలో బ్రిటన్ సుప్రీంకోర్టు తేల్చవలసి వచ్చింది. మన దేశంలో 2023లో రాజస్థాన్ ఇలాంటి పనివాళ్ళ కోసం మొదటి రాష్ట్ర చట్టం తెచ్చింది. కుమారప్ప గారు ఉంటే ఈ వ్యాపారాన్ని రెండో మెట్టు దాటనిచ్చేవారు కాదని నా నమ్మకం.

మరి నిజంగా పంచుకుని బతకడం ఎలా ఉంటుంది? దాని కోసం విదేశాలకు పోనక్కర లేదు. జహీరాబాద్ చాలు.

అక్కడ పస్తాపూర్ కేంద్రంగా 1983 నుంచి దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పనిచేస్తోంది. ఊళ్ళలోని దాని సంఘాల్లో ఎక్కువమంది దళిత మహిళలు. ఎర్ర చెలకలు, వానమీద ఆధారం, చేతిలో ఎకరమో రెండెకరాలో. అదే 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం వచ్చింది. ఆ పథకం లక్షల పొయ్యిలు వెలిగించింది, దాన్ని తక్కువచేసి మాట్లాడను. అయితే నీటి సౌకర్యమున్న ప్రాంతాల బియ్యం చవగ్గా దొరుకుతుంటే మెట్టభూమిలో జొన్న పండించే ఓపిక, పెట్టుబడి ఎవరికుంటాయి? చెలకలు పడావు పడ్డాయి. వాటితోపాటు కూలి దినాలూ, పశువుల మేతా పోయాయి.

1990ల నడుమ 30 దాకా ఊళ్ళలో సంఘాల మహిళలు ఇంకో దారి పట్టారు. పడావు భూమిని దున్ని, ఎరువు తోలి, జొన్న వేయడానికి ఎకరానికి ఇంత అని రైతుకు అప్పు ఇచ్చారు. మొదటి సొమ్ము కేంద్ర ప్రభుత్వం నుంచి వచ్చింది. అప్పు ఇచ్చింది రూపాయల్లో, తిరిగి కట్టించుకున్నది జొన్నల్లో, కొన్నేళ్ళ వాయిదాల మీద. ఆ గింజలు పట్నం గోదాముకు పోలేదు, ఊళ్ళోనే నిల్వ ఉన్నాయి. పంట చేతికి రాని కరువు నెలల్లో పేద ఇళ్ళకు అంగడి ధర కన్నా బాగా తక్కువకు ఇచ్చారు. పేదలెవరో తేల్చింది మండలాఫీసు కాదు. ఊరివాళ్ళు నేలమీద ఊరి పటం గీసి, ఇల్లిల్లూ గుర్తుపెట్టి, ఏ ఇంట్లో పూట గడవడం ఎంత కష్టమో అందరి ముందూ మాట్లాడుకుని తేల్చారు. భూమి ఉందని చెప్పుకునే ఇంట్లో పశువులు లేవని, పనిచేసే మగమనిషి మంచాన పడ్డాడని పక్కింటామెకు తెలుస్తుంది, ఫారానికి తెలియదు. నాకు ఈ మొత్తం ఏర్పాటులో అన్నిటికన్నా గొప్పగా తోచేది ఇదే.

విత్తనాల సంగతీ అంతే. వెదురు గంపను పేడమట్టితో అలికి, ఎండాక విత్తనం పోసి, మధ్య మధ్య వేపాకు, బూడిద వేసి మూత మెత్తుతారు. జొన్న, సజ్జ, కొర్ర, సామ, కంది, అనుములు, అలసందలు, కుసుమలు అందులో ఉంటాయి. కావలసినామె తీసుకుపోతుంది, పంట వచ్చాక తీసుకున్నదానికన్నా ఎక్కువ కొలిచి ఇస్తుంది. 2019లో ఈ సంస్థకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి వచ్చింది.

ఇప్పుడు లెక్కల మాట. ఈ విత్తనం చేతులు మారినందుకు స్థూల దేశీయోత్పత్తిలో ఒక్క పైసా చేరదు. అదే ఆమె దుకాణంలో ప్యాకెట్ కొని, దానికి మందు కొని, మందు కోసం అప్పుచేస్తే వృద్ధి కనిపిస్తుంది. జాతీయాదాయాన్ని లెక్కగట్టిన సైమన్ కుజ్నెట్స్ స్వయంగా 1934లోనే, ఈ అంకెతో జనం క్షేమాన్ని అంచనా వేయవద్దని అమెరికా కాంగ్రెసుకు చెప్పారు. ఎవరూ వినలేదు.

పేద దేశంలో వృద్ధి వద్దంటారా అని విద్యార్థులు అడుగుతారు. వద్దనను. బడులు, ఆసుపత్రులు, పక్కా ఇళ్ళు, బస్సులు ఇంకా చాలా పెరగాలి. ఉన్నవాడి ఇంట్లో మూడో కారు పెరగడాన్నీ, చెలకలో జొన్న పెరగడాన్నీ ఒకే అంకెలో కలిపి చూపడంతోనే నాకు పేచీ. జహీరాబాద్ నమూనా ప్రతిచోటా అట్లాగే అతుకుతుందనీ అనను. ఒకరినొకరు ఎరిగిన ఊరు కాబట్టి అక్కడ సాగింది. నగరంలో వేరే రూపం కావాలి. న్యూయార్కులో 2021 నుంచి డ్రైవర్లే యజమానులుగా ఒక సహకార సంఘం కార్లు నడుపుతోంది. పైపైన అదీ ఒక యాప్ మాత్రమే. కానీ లెక్కల పుస్తకం నడిపేవాళ్ళ చేతిలో ఉంది.

ప్రభుత్వాలకు నా విన్నపం ఒకటే: మెట్ట ప్రాంతాల రేషన్ దుకాణాల్లో జొన్న, సజ్జ, కొర్ర ఇవ్వండి. వాటిని అక్కడి రైతుల దగ్గరే కొనండి, అక్కడే నిల్వ చేయండి, ఆ పని మహిళా సంఘాలకు అప్పజెప్పండి. అర్థశాస్త్రం చదువుతున్న మీకు ఇంకొకటి. ఏటా సంక్రాంతికి జహీరాబాద్ పల్లెల్లో పాత పంటల జాతర మొదలవుతుంది. ఎడ్లబండ్ల మీద విత్తనాలు ఊరూరా తిరుగుతాయి. వచ్చే ఏడు మీ నోటుపుస్తకాలు తీసుకుని వెళ్ళండి. అక్కడి మహిళలు లెక్క ఎలా చూస్తారో అడిగి రాసుకోండి.