లాగిన్ పేరు, దాని వెనకున్న నంబరు
(స్కాలర్‌షిప్పుల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మీలో చాలామంది బి.కాం., బి.సి.ఏ. పూర్తి చేసి కంపెనీల్లో చేరతారు. చేరిన రోజునే చేతికొచ్చేది లాగిన్ పేరు. నేను బ్యాంకులో గుమాస్తాగా చేసినవాణ్ణి కాబట్టి దాని సంగతి లెడ్జరు భాషలోనే చెబుతాను.

బెంగుళూరు, చెన్నై, ముంబైలలో ఆఫీసులున్న ఒక కంపెనీ అనుకుందాం. 2000లో విండోస్ 2000తో వచ్చిన మైక్రోసాఫ్ట్ వారి యాక్టివ్ డైరెక్టరీలో ఒక్కో ఊరికి ఒక్కో డొమైన్ పెట్టుకోవచ్చు. అన్నీ కలిస్తే ఫారెస్ట్. డొమైన్ అంటే బ్రాంచి, ఫారెస్ట్ అంటే మొత్తం బ్యాంకు అనుకోండి.

ఉద్యోగికి సాధారణంగా రెండు లాగిన్ పేర్లుంటాయి. పాత పద్ధతి పేరు ఒక డొమైన్‌లో ఒక్కరికే ఉండాలి. చెన్నైలో ఒక వెంకటరావు, ముంబైలో మరో వెంకటరావు ఉన్నా ఇబ్బంది లేదు. అయితే అది 20 అక్షరాలు మించకూడదు. మన వెంకట సుబ్రహ్మణ్యేశ్వరరావు ఇంగ్లీషులో 26 అక్షరాలు! ఎక్కడో కత్తెర పడాల్సిందే. రెండోది ఈమెయిల్ అడ్రసులా ఉంటుంది. ఇది ఫారెస్ట్ మొత్తంలో ఒక్కరికే ఉండాలి. మనిషి ఏ డొమైన్‌కు చెందినవాడో గ్లోబల్ కేటలాగ్ అనే సూచికలో వెతికి తెలుసుకుంటారు. అందుకే పేర్లు పెట్టే పద్ధతిని ఏ ఊరికి ఆ ఊరు తేల్చుకోకుండా ఒకచోట నిర్ణయించాలంటాను.

ఇక ఫైళ్ల హక్కులు. కంప్యూటరు వాటిని ఎస్.ఐ.డి. అనే నంబరు మీద రాసుకుంటుంది. అందులో ముందు భాగం డొమైన్‌ది, చివరిది వరుస సంఖ్య. మన బ్రాంచి కోడు, ఖాతా నంబరు లాంటివే. పెళ్లయి ఇంటిపేరు మారిన అమ్మాయికి లాగిన్ పేరు మారిస్తే చాలు, హక్కులు అలాగే ఉంటాయి. పాత ఖాతా తీసేసి అదే పేరుతో కొత్తది తెరిస్తే నంబరు మారి హక్కులు పోతాయి. చెన్నై నుంచి ముంబై డొమైన్‌కు మార్చినా కొత్త నంబరే వస్తుంది. సరైన పద్ధతిలో మారిస్తే పాత నంబరు కూడా పక్కన నమోదై ఉంటుంది. కోర్ బ్యాంకింగ్ రాకముందు ఖాతా బదిలీ అయితే కొత్త లెడ్జరులో పాత నంబరు వేసుకునేవాళ్లం, అలాగన్నమాట.

మానేసినవారి పేరు కొత్తవారికి ఇవ్వడం నాకు నచ్చదు. హక్కులు రావు గాని, పాతవారికి రాసిన ఉత్తరాలు కొత్తవారి చేతిలో పడవచ్చు.

తల్లిదండ్రులకు ఒక మాట. మనం ఇంటిపేరు ముందు రాస్తాం. తమిళనాడులో ఇనిషియల్‌తో సరి. మహారాష్ట్రలో తండ్రి పేరు కూడా కలుస్తుంది. కంపెనీ వారు చివరి మాటే ఇంటిపేరనుకుంటే లాగిన్ తలకిందులవుతుంది. పదో తరగతి సర్టిఫికెట్టు, ఆధార్, పాన్ కార్డు ఈ సెలవుల్లోనే పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే ఉద్యోగంలో చేరకముందే సరిచేయించండి. పి.ఎఫ్. ఖాతాలో పేరు కూడా ఆధార్‌తో సరిపోవాలి.