పాల చేపు – సూదిమందు

గేదె ఈనినంత మాత్రమున పాలు పాత్రలోనికి రావు. అది చేపవలెను. దూడ వచ్చి మూతితో పొదుగును కుమ్మినప్పుడు, లేదా అలవాటైన చేయి చన్నులను నిమిరినప్పుడు, చన్నులు బిగిసి పాలు దిగును. దీనినే మనవారు చేపు అందురు. పశువు పాలను దిగనీయక బిగబట్టినచో ఎగచేపినదని అందురు. పల్లెలలో ప్రతి పాడి యింట తెలిసిన ఈ సంగతికి కారణమును శాస్త్రజ్ఞులు గ్రహించుటకు ఇరువదవ శతాబ్దము రావలసివచ్చినది. కారణము తెలిసిన పిమ్మట మందు పుట్టినది. మందుతోపాటు దాని దుర్వినియోగమును పుట్టినది. నేటి ప్రసంగమునకు విషయమదియే.

మెదడు అడుగుభాగమున పీయూష గ్రంథి యను చిన్న గ్రంథి యొకటి కలదు. 1906లో హెన్రీ డేల్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఈ గ్రంథి వెనుకభాగపు రసము గర్భాశయమును ముడుచుకొనజేయునని కనుగొనెను. 1910లో ఆట్, స్కాట్ అను ఇరువురు పరిశోధకులు అట్టి రసమునే మేకకు ఎక్కించి, పాలు ధారగా దిగుటను చూచిరి. 1953లో విన్సెంట్ డు విన్యో అను అమెరికను రసాయన శాస్త్రజ్ఞుడు ఆ రసములోని పదార్థమును ప్రయోగశాలలో తయారుచేసి, 1955లో నోబెల్ బహుమానమును పొందెను. ఆ పదార్థము పేరు ఆక్సిటోసిన్. తొమ్మిది అమైనో ఆమ్లముల చిన్న గొలుసు అది. ప్రసవమైన తల్లికి రక్తస్రావమును ఆపుటకు వైద్యులు వాడు ప్రాణదాతయైన మందు అదియే; పశువుల కొట్టములలో "పాల ఇంజక్షను" అను పేరున చేతులు మారునదియు అదియే.

అది చేయు పని యేమి? పొదుగులో పాలు తయారగునది సన్నని తిత్తులలో. ప్రతి తిత్తిని చుట్టి వలవంటి కండర కణములు ఉండును. దూడ స్పర్శ తగులగానే ఆ వార్త నరముల గుండ మెదడునకు పోవును. మెదడు ఆక్సిటోసిన్‌ను రక్తములోనికి విడుచును. అది పొదుగును చేరి ఆ కణములను బిగించును. తిత్తులు పిండబడి పాలు క్రిందికి దిగును. పశువు బెదరినను, కొట్టినను, కొత్త మనిషి కూర్చున్నను ఈ క్రమము తెగిపోవును. ఎగచేపుట యన్నది పశువు మొండితనము కాదు, భయము. ఒక్క మాట గుర్తుంచుకొనవలెను: ఆక్సిటోసిన్ పాలను దించును గాని పుట్టించదు. పాలు పుట్టునది మేత వలన.

ఇచ్చట గొర్రెకును గేదెకును గల భేదమును చెప్పవలసియున్నది. తిత్తులనుండి దిగిన పాలు నిలుచుటకు పొదుగు అడుగున ఒక గదివంటి చోటు ఉండును. ఐరోపాలో పాల కొరకే పెంచు గొర్రెలలో, అనగా ఫ్రాన్సు దేశపు లాకోన్, ఇటలీలోని సార్దా వంటి జాతులలో, పాలలో సగమో అంతకు మించియో ఈ గదిలోనే ముందుగా చేరియుండును. ఆవులో సుమారు అయిదవ వంతు ఉండును. గేదెలో నూటికి అయిదు పాళ్ళకు మించదు. అందుచేత ఆ గొర్రెలను పిల్ల లేకయే యంత్రముతో పితుకగలరు. అచ్చట హార్మోనులను వాడుట లేకపోలేదు గాని, పని వేరు; మందలోని గొర్రెలన్నియు ఒకేసారి ఎదకు వచ్చి ఒకేసారి ఈనునట్లు చేసి, జున్ను కర్మాగారమునకు పాలు సకాలమున అందించుటకు వాడుదురు. మన కాపరులు గొర్రె పాలను చాలవరకు పిల్లలకే విడిచి, మందను పొలమున కట్టించి ఎరువునకు ఉపయోగింతురు. కృష్ణా డెల్టాలో పాడి యనగా గేదెయే. ఆ గేదె చేపనిదే నూటికి తొంబదియైదు పాళ్ళ పాలు పైననే నిలిచిపోవును. మందుసూదికి తావు దొరికినది ఇందువలననే.

కొండపల్లి కొండల చెంత, కృష్ణయొడ్డున, హైదరాబాదు రహదారిపై ఉన్న ఇబ్రహీంపట్నమునే తీసికొందము. పక్కనే విజయవాడ, ఎన్ని పాలు వచ్చినను చాలని నగరము. "విజయ" పేరున పాలు అమ్ము కృష్ణా మిల్కు యూనియనుకు ఆ నగరమే కేంద్రము. ఇట్టి చోట ప్రతి లీటరునకు వెల కలదు; దూడ త్రాగు పాలకును వెల కట్టబడును. పెయ్యదూడ అయినచో రేపు గేదె యగునని కొంత ఆదరింతురు. దున్నదూడ అయినచో ట్రాక్టరు వచ్చిన ఈ కాలమున దానితో పనియేమని పాలు తగ్గింతురు. అది చిక్కి శల్యమై చచ్చును. దూడ చచ్చిన గేదె చేపదు. పూర్వము దూడ తోలులో గడ్డి కూర్చి ఎదుట నిలిపి తల్లిని మభ్యపెట్టెడివారు. ఇప్పుడు సూది వేయుదురు. అనగా, సూదికి మూలము గేదెలో లేదు. దూడను చంపుకొనుటలో ఉన్నది.

ఇక పట్టణములోని గృహిణులు అడుగు ప్రశ్న: ఆ పాలు త్రాగిన పిల్లలకు కీడు కలుగునా? ఆడపిల్లలు ముందుగా ఈడేరుటకు ఇదియే కారణమని భయపడువారు పెక్కుమంది. ఈ భయమునకు ఆధారము కనబడలేదు. ఆక్సిటోసిన్ రక్తములో కొద్ది నిమిషములకే సగము నశించును. పాలలో ఉన్న స్వల్పాంశము కూడ మాంసకృత్తులవలెనే మన జీర్ణాశయములో ముక్కలైపోవును. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ఈ విషయమును పరీక్షించి, సూది వేసినందున పాలలో ఆక్సిటోసిన్ పెరుగుట లేదని తేల్చినది.

అట్లని పాల నాణ్యమునకు లోటు లేదనుటయు సరికాదు. మామూలుగా పితికిన తరువాత పొదుగులో కొంత పాలు మిగులును. వెన్న ఎక్కువగా గలవి ఆ చివరి పాలే. సూది వాటిని కూడ దించును గనుక ఆ పూట వెన్న శాతము హెచ్చినట్లు కనబడును. వెన్నను బట్టి ధర వచ్చుచోట ఇది ఆశ గొలుపును. కాని ఎక్కువ మోతాదులో వేసినచో తిత్తుల కణముల మధ్య కట్టు సడలును. రక్తములోని ఉప్పు పాలలోనికి దిగును, పాలలోని చక్కెర తగ్గును, పాలు ఉప్పనగును.

పాలను మించిన నష్టము పశువునకు. దినదినము సూదికి అలవడిన గేదెకు తన సొంత ఆక్సిటోసిన్‌తో చేపు రాదు. ఒకనాడు సూది లేకున్న పాలు లేవు. ఆ గేదెను కొన్నవాడు పాడితోపాటు ఈ బానిసత్వమును కూడ కొనుక్కొనును. ఇది గర్భాశయమును ముడుచు మందు గనుక చూడి పశువునకు ప్రమాదము. పేరు, మోతాదు, గడువు లేని సీసాలలో దొంగచాటుగా వచ్చు మందు, కడుగని సూది, ఒకే సూదిని నాలుగు గేదెలకు వాడుట – వీనివలన గడ్డలును అంటురోగములును వచ్చును.

చట్టము ఈ విషయమున మౌనముగా లేదు. పశుహింసా నివారణ చట్టము 12వ సెక్షను ప్రకారము, పాల కొరకు పశువు ఆరోగ్యమునకు హాని కలుగునట్లు సూది వేయుట నేరము. వేయి రూపాయల వరకు జరిమానా, రెండేండ్ల వరకు కారాగారము, లేదా రెండును విధింపవచ్చును. పశువును కూడ ప్రభుత్వము స్వాధీనపరచుకొనును. 2018లో కేంద్రప్రభుత్వము ఈ మందును ప్రయివేటు కంపెనీలు దేశములో అమ్మకమునకు తయారుచేయరాదని ఆజ్ఞాపించినది. బాలింతలకు మందు దొరకక ప్రాణాపాయము కలుగునన్న వాదన వచ్చినది. ఆ సంవత్సరము డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు ఆ ఆజ్ఞను కొట్టివేసినది. గేదె కొట్టములోని తప్పునకు ప్రసూతి మంచముపైని తల్లి శిక్ష అనుభవించు పరిస్థితి రాకూడదు గదా!

పాల విషయమున నిజముగా భయపడదగినవి వేరే ఉన్నవి. 2018లో దేశమంతట సేకరించిన 6,432 పాల నమూనాలను ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ పరీక్షింపగా, 368 నమూనాలలో అఫ్లటాక్సిన్ అను బూజు విషమును, 77 నమూనాలలో యాంటీబయాటిక్ మందులును పరిమితికి మించి కనబడినవి. బూజు పట్టిన చెక్క, తడిసిన మొక్కజొన్న, ముక్కిన దాణా గేదెకు పెట్టినచో ఆ విషము పాలలోనికి దిగును. కాచినను పోదు. పొదుగువాపునకు మందు వేసిన గేదె పాలను వైద్యుడు చెప్పిన దినములు గడచువరకు పారబోయవలెను, కేంద్రమునకు పోయరాదు.

మరి సూది లేకుండ పాడి నడచుట ఎట్లు? దూడ బ్రతికియున్నచో సగము చిక్కు తీరును. పుట్టిన గంటలోపల ముర్రుపాలు త్రాగించుడు. బొడ్డునకు టింక్చరు అయొడిను పూయుడు. గేదెదూడలను చంపు ఏలికపాములు తల్లి పాల ద్వారముననే సంక్రమించును. కనుక రెండవ వారములోనే పశువైద్యుని అడిగి నట్టల మందు పోయుడు. దూడ లేని గేదెకు దాణా ఎదుట పెట్టి, గోరువెచ్చని నీటితో పొదుగు కడిగి, రెండు మూడు నిమిషములు ఓపికగా నిమురుడు. వేళ తప్పరాదు, మనిషి మారరాదు, కర్ర ఎత్తరాదు. తొలిచూలు గేదెకు ఈనకముందునుండియే పొదుగుపై చేయి వేయుట అలవాటు చేయుడు. వరి కోసిన చేలలో పిల్లిపెసరయో జనుమో చల్లి పచ్చిమేత సమకూర్చుడు. ఇంతటితోను చేపనిచో వైద్యుని పిలువుడు. సూది అవసరమా కాదా యన్నది ఆయన నిర్ణయింపవలెను గాని సీసా అమ్మువాడు కాదు.

పట్టణవాసులకును ఒక మనవి. కొనునప్పుడు సూది వేసిన పాలా యని అనుమానించుటకన్న, పోయువాని కొట్టములో దూడ ఉన్నదా యని ఒకసారి అడిగి చూడుడు. దూడ ఆడుచున్న కొట్టములో సూదికి పని తక్కువ.